అప్పమ్మ గంజి

హౌరా దగ్గర టికియాపారా రైల్వే క్వార్టర్లలో పొద్దున్నే అందరికంటే ముందు వెలిగేది అప్పమ్మ పొయ్యి. కార్‌షెడ్డులోంచి లోకల్ బళ్ళు బయటికి రాకముందే ఆవిడ అన్నం వార్చేసేది. ఆ గంజిని పల్చటి గుడ్డలో వడగట్టి, చిటికెడు ఉప్పు వేసి, రెండు చుక్కల నీలిమందు కలిపి, ఇనప బాల్టీలో చల్లారబెట్టి, బట్టలు ఒక్కొక్కటే ముంచి పిండి తాడు మీద ఆరేసేది. కూరగాయలవాడితో బెంగాలీలో బేరమాడుతూ, కాకుల్ని హిందీలో తిడుతూ, మధ్యమధ్య తెలుగులో ప్రభువుని తలుచుకుంటూ ఈ పనంతా చేసేది. వినేవాళ్ళకి మూడు భాషలైనా ఆవిడకి మాత్రం ఒకటే భాష.

ఆవిడ గంజి పెట్టిన బట్ట వేసుకుంటే కాలరు నిటారుగా నిలబడేది. దాంతోపాటు మాట కూడా. అంటే, వేసుకున్నవాళ్ళ మనసులో ఏముంటే అదే నోటి వెంట వచ్చేసేది. ఈ సంగతి క్వార్టర్లలో అందరికీ తెలుసు. పంపులో నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలిసినట్టే ఇదీ తెలుసు, దానిగురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకునేది లేదు. పాస్టరు గారు ప్రసంగం రోజున గంజి అంగీ వేసుకునేవారు. సంఘ పెద్దల మీటింగుకి మాత్రం గంజి పట్టని టెర్లిన్ చొక్కాలో వెళ్ళేవారు.

పోలిరాజు సంగతే తీసుకోండి. పెళ్ళిచూపుల రోజున పొరపాటున గంజి చొక్కా తొడుక్కుపోయాడు. పిల్ల ప్లేటు తెచ్చి పెట్టగానే, "ఉప్మా ఏటీ బాగులేదండీ. మీరు మాత్రం శానా బాగున్నారు" అనేశాడు. పెద్దవాళ్ళు తెల్లబోయారు గానీ పిల్ల పకపకా నవ్వి ఒప్పేసుకుంది. పక్క క్వార్టర్లో ఉండే పుష్పరాణి ఆవిడే. ఉప్మా చెయ్యడం ఇప్పటికీ పోలిరాజు వంతే.

అప్పమ్మ కొడుకు సాల్మన్ రాజు కార్‌షెడ్డులో ఫిట్టరు. కోడలు విజయ కుమారి. మనవరాలు రేబెకా నది అవతల ఒక ప్రైవేటు కాలేజీలో నర్సింగు ఆఖరి సంవత్సరం. ఆ పిల్ల తెల్ల యూనిఫారం గంజితో ఫెళఫెళలాడుతూ బస్సెక్కితే కండక్టరు కూడా, "దీదీ, ఇటు కూర్చోండి, నలిగిపోతుంది" అని సీటు చూపించేవాడు.

వాళ్ళ తెలుగు చర్చిలో ఒక అలవాటుంది. ప్రార్థన మనవుల సమయంలో ఎవరికి ఎవరి బెంగ ఉంటే లేచి వాళ్ళ పేరు చెప్పాలి. "పలాసలో మా బావ మోకాలు." "షాలిమార్ యార్డులో మా శామ్సన్ ప్రమోషను." ఇలా పేరుపేరునా చెబితే అందరూ కలిసి ప్రార్థిస్తారు. పేరు చెప్పకుండా ప్రార్థిస్తే అడ్రసు రాయకుండా కార్డు పోస్టు చేసినట్టేనని అప్పమ్మ సిద్ధాంతం. రేబెకా ఊయలలో ఉన్నప్పటినుంచీ ఆ పేర్లు వింటూ పెరిగింది.

చిక్కంతా అక్కడే వచ్చింది. నర్సింగు కాలేజీలో ఏటా కొత్తగా చేరిన పిల్లలు దీపాలు వెలిగించి ప్రమాణం చేస్తారు. ఆ సభలో ప్రార్థన చెయ్యమని ఈసారి రేబెకాని పిలిచారు. గొంతు బాగుంటుంది గదా. ఆ పిల్ల టీచర్ల కోసం, రోగుల కోసం ప్రార్థించింది. అక్కడితో ఆపితే చప్పట్లు కొట్టి సమోసాలు పంచేవారే. కానీ ఒంటి మీద గంజి యూనిఫారం, మనసులో రెండు రోజుల కిందట పేపర్లో చదివిన వార్త. ఎక్కడో దూరదేశంలో యుద్ధం జరుగుతోంది, అక్కడ ఒక ఆసుపత్రి మీద బాంబు పడింది. "డ్యూటీలో ఉండి చనిపోయిన నర్సు సమీర కోసం, ఆమెతో పోయిన నర్సుల కోసం" అని మొదలుపెట్టి, పేపర్లో వచ్చిన పేర్లన్నీ ఒక్కటి వదలకుండా చెప్పింది. చివర్లో, "యుద్ధంలో కూడా ఆసుపత్రి జోలికి పోకూడదని మా పాఠంలోనే ఉంది. బాంబు వేసింది ఎవరైనా సరే, అది తప్పు. ఆమెన్" అంది.

ఎవరో ఫోనులో తీశారు. సాయంత్రానికి అది ఊరంతా తిరిగింది. మెచ్చుకున్నవాళ్ళు మెచ్చుకున్నారు, తిట్టినవాళ్ళు తిట్టారు. కాలేజీవాళ్ళకి భయం పట్టుకుంది. సోమవారం కమిటీ ముందు నిలబడి, "నేను చెప్పినవి అబద్ధాలు, తెలియక చెప్పాను, క్షమించండి" అని వాళ్ళు రాసిచ్చిన కాగితం చదవాలన్నారు. చదవకపోతే ఫైనలు పరీక్షకి కూర్చోనివ్వరు. అంటే ఇన్నేళ్ళ చదువూ నీళ్ళపాలే.

ఆదివారం చర్చి నుంచి రాగానే విజయ కుమారి అత్తగారి దగ్గరికి వచ్చి నిలబడింది.

"అత్తమ్మా, రేపటికి దాని యూనిఫారానికి గంజి పెట్టకండి."

"ఏటీ? గంజి లేకుండా నర్సు బట్టలా? వాడిపోయిన తోటకూర కాడలాగుంటాది పిల్ల."

"ఉంటే ఉండనీండి. ఆ ఒక్క మాట చదివేసి బయటపడిపోద్ది. మీరు గంజి పెట్టారంటే ఆ మాట దాని నోట్లోంచి రాదు."

సాల్మన్ రాజు చేపల పులుసు కలుపుకుంటూ తల ఎత్తకుండా అన్నాడు. "అది సెప్పింది నిజమేనమ్మా. కాదనను. కానీ పరీక్ష పోతే ఏటి సేస్తాం?"

"నిన్నెవులడిగారురా, ముల్లు సూసుకో ముందు" అని అప్పమ్మ మనవరాలి వైపు తిరిగింది. "నువ్వేటంటావే గుంటా?"

రేబెకా మంచం కోడుకి ఆనుకుని గోళ్ళు చూసుకుంటోంది. "నాకు పరీక్ష రాయాలనుంది నానమ్మా. ఆ కాగితం చదవాలని లేదు. రెండూ నిజమే."

అప్పమ్మ కాసేపు ఆలోచించింది. ఆవిడ ఆలోచిస్తున్నప్పుడు దవడ అటూ ఇటూ ఆడుతుంది, నోట్లో వక్క లేకపోయినా.

"అయితే గంజి పెట్టను" అంది చివరికి. "నీ నోరు నీది. ఏటి సెప్పాలో నువ్వే సూసుకో. గంజి మాటాడించిందని రేపెవులూ అనకూడదు."

విజయ కుమారి హమ్మయ్య అనుకుని, అత్తగారి మనసు మారకముందే యూనిఫారం తీసుకుపోయి తనే ఇస్త్రీ చేసేసింది. అది నిజంగానే తోటకూర కాడలాగే ఉంది.

బాల్టీలో గంజి మాత్రం నిండుగా మిగిలిపోయింది. అన్నం మెతుకు పారెయ్యని మనిషి గంజి పారబోస్తుందా? మూలన సాల్ట్ లేక్ అనే పెద్దవాళ్ళ పేట నుంచి వచ్చిన మూట ఉంది. అది మృత్యుంజయ గారిది. బ్యాంకులో పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. ఆంధ్రా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవారు. ఆయన భార్య అరుంధతి గారు తెలుగు సంఘం వనభోజనాల్లో అప్పమ్మ నేత చీర మడత చూసి ముచ్చటపడి, అప్పటినుంచీ వారం వారం డ్రైవరు చేత భర్త కుర్తాలు పంపిస్తున్నారు. మృత్యుంజయ గారు రేబెకా కాలేజీ కమిటీకి ఛైర్మను కూడా. ఆయన కుర్తాలకి గంజి వద్దని ఎవరూ అనలేదు గదా. అప్పమ్మ ఒక్కోటీ రెండేసి సార్లు ముంచింది. సాయంత్రం డ్రైవరు వచ్చేసరికి ఇస్త్రీ చేసి, అన్నిటికంటే బాగా వచ్చిన గోధుమరంగు కుర్తా మూటలో పైన పెట్టి ఇచ్చింది.

ఇక్కడ అరుంధతి గారి గురించి ఒక మాట చెప్పాలి. మృత్యుంజయ గారు ఆ కుర్తాలు ఆదివారాలు ఇంట్లోనే వేసుకునేవారు. మిగతా వారమంతా ఏమడిగినా "చూద్దాం" అనే మనిషి, ఆదివారం మాత్రం కూరలో కారం ఎక్కువైందనీ, తన చెల్లెలి పెళ్ళినాటి గొడవలో అరుంధతి గారిదే ఒప్పనీ, కుర్చీ మడత పెట్టడం తనకి రాదనీ గడగడా చెప్పేసేవారు. అది గంజి మహిమేనని ఆవిడకి ఎప్పుడో తెలుసు. ఆవిడ ఆదివారాల కోసం ఎదురుచూసేవారు.

సోమవారం పొద్దున ఆయన కమిటీకి తయారవుతుంటే ఆవిడే ఆ గోధుమరంగు కుర్తా తెచ్చి మంచం మీద పరిచారు.

"ఏమండీ, ఈ ఉక్కలో కోటెందుకు? ఇది వేసుకోండి. హుందాగా ఉంటారు."

ఆయన అద్దంలో చూసుకుని, "బాగుంది. నా పొట్ట కూడా కనిపించట్లేదు" అన్నారు. గంజి అప్పుడే పని మొదలుపెట్టింది గానీ ఆయన గమనించలేదు.

కాలేజీ వరండాలో బెంచీ మీద అప్పమ్మ, విజయ కుమారి కూర్చున్నారు. విజయ కుమారి పెదవులు ఆగకుండా ప్రార్థన చేస్తున్నాయి. దర్వాను వచ్చి, "ఠాకూమా, చా ఖాబేన్?" అని టీ తాగుతారా అన్నట్టు అడిగితే అప్పమ్మ, "ఇయ్యి బాబూ, పంచదార ఎక్కువెయ్యి" అంది. అతనికి అర్థమైంది. గది తలుపు సగం తెరిచే ఉంది, లోపలి మాటలన్నీ బయటికి వినిపిస్తున్నాయి.

లోపల రేబెకా కాగితం తీసుకుంది. "ఇటీవల జరిగిన సభలో నేను చెప్పినవి..." దాకా చదివి ఆగింది.

తర్వాతి మాట అబద్ధాలు. ఆ మాట ఆ పిల్ల నాలుక మీదికి తేలిగ్గానే వచ్చింది. మెడ దగ్గర కాలరు మెత్తగా ఉంది, ఏదీ గుచ్చుకోవడం లేదు. అనెయ్యచ్చు. బయట అమ్మ వింటోంది.

రేబెకా కాగితం మడిచింది.

"సార్, ఇది నేను చదవగలను. నన్నెవరూ ఆపట్లేదు. కానీ సమీర అబద్ధం కాదు. మా చర్చిలో ఎవరికోసం ప్రార్థిస్తే వాళ్ళ పేరు చెబుతాం. ఆవిడా నర్సే, నేనూ నర్సునే. అందుకే చెప్పాను. నన్ను పరీక్ష రాయనివ్వండి. ఇది మాత్రం చదవమనకండి."

బయట విజయ కుమారి కళ్ళు మూసేసుకుంది.

ప్రిన్సిపాల్ మేడమ్ గొంతు సవరించుకున్నారు. ఆవిడది సింథటిక్ చీర. దానికి ఏ గంజీ పట్టదు. "క్రమశిక్షణ అంటూ ఒకటుంటుంది. ఛైర్మన్ గారు తమ నిర్ణయం చెబుతారు" అన్నారు.

మృత్యుంజయ గారు లేచారు. కుర్తా ఫెళఫెళమంది. నియమాల గురించి నాలుగు మాటలు ఇంటి దగ్గరే అనుకుని వచ్చారాయన. నోరు తెరిచారు.

"ఈ అమ్మాయి చెప్పినదాంట్లో నాకేమీ తప్పు కనబడలేదు" అన్నారు.

తనే ఉలిక్కిపడి చుట్టూ చూశారు. కానీ మాట ఆగలేదు.

"మన కొత్త బిల్డింగుకి విరాళమిస్తానన్న పెద్దమనిషికి కోపం వస్తుందేమోనని నాకు భయమేసింది. ఆయన ఫోన్ చెయ్యలేదు. చేస్తాడేమోనని నేనే ముందుగా భయపడిపోయాను. ఆసుపత్రి మీద బాంబు వెయ్యకూడదని పాఠం చెప్పేది మనమే. ఆ పాఠం నమ్మిందని ఈ పిల్ల పరీక్ష ఆపేదీ మనమేనా? ఆ పేర్లు విన్న రోజు నేను గదిలో తలుపేసుకుని ఏడ్చాను. అరుంధతికి కూడా చెప్పలేదు. రాసుకోండి, ఈ అమ్మాయి పరీక్ష రాస్తుంది. అన్నట్టు మేడమ్, మన క్యాంటీన్లో పప్పు నీళ్ళలా ఉంటుంది. మీరు వార్షిక సంచికలో రాసే కవితలు నాకు ఒక్కటీ అర్థం కావు."

గుమాస్తా తల దించుకుని పరీక్ష సంగతి రాసేశాడు, కవితల సంగతి వదిలేశాడు. కాసేపటికి ప్రిన్సిపాల్ మేడమ్, "పప్పు సంగతి నేనూ అనుకుంటున్నాను" అన్నారు చిన్నగా.

రేబెకా బయటికి రాగానే విజయ కుమారి వెళ్ళి కూతురి కాలరు పట్టుకుని వేళ్ళతో నలిపి చూసింది. మెత్తగా ఉంది. అత్తగారి వైపు తిరిగింది.

"మీరు నిజంగానే పెట్టలేదా?"

"పెట్టనన్నాను గదా" అంది అప్పమ్మ, గ్లాసు అడుగున మిగిలిన పంచదార వేలితో తీసి నాక్కుంటూ. "నీ కూతురు దాని సొంత నోటితోనే సెప్పింది."

విజయ కుమారి బస్సులో దారి పొడుగునా కూతురి చెయ్యి వదల్లేదు. హౌరా బ్రిడ్జి మీద ట్రాఫిక్కులో బస్సు ఎంతసేపు ఆగిపోయినా విసుక్కోలేదు.

రేబెకా పరీక్ష రాసింది, పాసైంది. ఇప్పుడు పిల్లల వార్డులో స్టాఫ్ నర్సు. ఆ పిల్ల సూది గుచ్చేముందు "కొంచెం నొప్పెడుతుంది" అని నిజమే చెబుతుంది కాబట్టి పిల్లలు ఆమెని నమ్ముతారు.

కమిటీ అయిన ఆ వారం చివర, శనివారం పొద్దున్నే విజయ కుమారి పెట్టెలోంచి తన పెళ్ళినాటి తెల్ల నేత చీర తీసింది. ఇన్నేళ్ళుగా అత్తగారి గంజికి దూరంగా ఉంచుకున్న చీర అది. తెచ్చి బాల్టీ పక్కన పెట్టింది.

"దీనికీ పెట్టండి అత్తమ్మా."

"ఒకసారా, రెండుసార్లా?"

"రెండుసార్లు."

మర్నాడు చర్చిలో ప్రార్థన మనవులప్పుడు విజయ కుమారి లేచి నిలబడింది. చీర కుచ్చిళ్ళు కత్తుల్లా నిలబడ్డాయి. ఎప్పుడూ మా అమ్మాయి పరీక్ష అని చెప్పి కూర్చునే మనిషి. అందరూ అదే అనుకున్నారు.

"సమీర" అంది. "నర్సు. వాళ్ళమ్మ బతికుంటే, వాళ్ళమ్మ కోసం కూడా."

అందరూ ఆమెన్ అన్నారు. ఆ రోజు పోలిరాజు చొక్కాకి గంజి లేదు. అయినా అందరికంటే గట్టిగా అన్నది అతనే.