పడేయని పడక కుర్చీ

నేను ఒక పడక కుర్చీని. ఏ వరండాలోనో పేపరు చదివేవారి కింద నలిగే రకం అనుకునేరు! సినిమా కుర్చీని. మద్రాసులో ఒక స్టూడియో వడ్రంగి నన్ను టేకుతో చేశాడు. నా గుడ్డను పట్టి ఉంచే పైకర్ర ఊడదీస్తే చాలు, కూర్చున్నవారు ధబేల్మని నేల మీద ఉంటారు.

నా మొదటి సినిమాలో సోమిదేవర నరసింగం గారిది మామగారి వేషం. అల్లుడు ఏదో తుంటరి పని చేశాడని అనుమానం. కండువాతో నన్ను దులిపారు, కిందికి వంగి చూశారు, చుట్టూ తిరిగి చూశారు. చూడాల్సిన కర్ర తప్ప అన్నీ చూసి, హమ్మయ్య అని కూర్చుని ధబేల్మని నేల మీద పడ్డారు. ఆ రోజుల్లో మాటలు అక్కడికక్కడే రికార్డు చేసేవారు కాబట్టి ఎవరూ నవ్వకూడదు. యూనిట్ అంతా నోట్లో తువ్వాళ్లు కుక్కుకుని నానా అవస్థా పడింది.

యాభై ఏళ్ల తర్వాత అదే సినిమా మళ్లీ తీస్తున్నారని నన్ను హైదరాబాదు తెచ్చారు. ఈసారి మామగారు లేరట, అత్తగారట! ఆ వేషం తెనాలి నుంచి వచ్చిన దీవెన అనే అమ్మాయిది. ఇరవై ఆరేళ్ల పిల్లకు నెత్తిన తెల్ల విగ్గు! నాకు ఒళ్లు మండింది. నరసింగం గారి సీను ఫోనులో చూసి అచ్చం అలాగే దులిపింది, వంగింది. పడేటప్పుడు మాత్రం దర్శకుడు తేజస్ ఆమెకు తాడు కట్టించి ఫ్యాను దాకా ఎగరేశాడు. ఒక్కరూ నవ్వలేదు.

"తాడు విప్పెయ్యండి. లాస్ట్ టేకు. ఇదీ వర్కవుట్ కాకపోతే సీన్ లేపేద్దాం," అన్నాడు తేజస్.

సినిమాలో ఆమెకు ఉన్నది ఆ ఒక్క సీనే. తెనాలిలో అందరికీ చెప్పుకొచ్చింది పాపం. నాక్కూడా జాలేసింది.

సెట్లో సామాన్లు చూసుకునే అప్పలకొండది పాతకాలపు పద్ధతి. టేకు అవగానే కర్ర మళ్లీ దూర్చేస్తాడు, తెలియక ఎవరైనా కూర్చుంటే నడుం విరుగుతుందని. తర్వాతి టేకుకు ముందు దాన్ని తీసి "తీసీసేను" అని అరుస్తాడు. ఈసారి అతను దగ్గరికి రాకముందే తేజస్ "యాక్షన్" అనేశాడు.

దీవెన దులిపింది, వంగి చూసింది, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది. నేను పడేయలేదు. కర్ర ఉందిగా మరి! ఒక కన్ను తెరిచింది. కొంచెం కదిలింది. ఇంకొంచెం ఊగింది. అవతల అప్పలకొండ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"పడేసేదేదో తొందరగా పడెయ్యవే తల్లీ! పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను," అంది నాతో.

అంతే, సెట్టంతా గొల్లుమంది. తేజస్ పొట్ట పట్టుకుని కట్ చెప్పడం కూడా మరిచిపోయాడు.

"తప్పైపోనాది బాబూ, కర్ర తియ్యలేదు," అన్నాడు అప్పలకొండ.

"తియ్యకు! ఇదే సీన్. పాత సినిమా చూసినోళ్లంతా ఆవిడ ఎప్పుడు పడుద్దా అని కాచుక్కూర్చుంటారు!" అన్నాడు తేజస్.

నిజం ఒప్పుకోవాలి. పాత సినిమా గొప్పదా కొత్తదా అని నిన్నటిదాకా నన్నడిగితే కసిరేదాన్ని. ఆయన పడి నవ్వించారు, ఈ పిల్ల పడకుండా నవ్వించింది. ఇద్దరూ నావాళ్లే.

దీవెన విగ్గు తీసి, వాళ్లమ్మకు ఫోన్ చేసి "సీన్ ఉందమ్మా" అని ఏడ్చేసింది. తర్వాత నాలోనే వెనక్కి వాలింది. రెండు నిమిషాల్లో సన్నగా గురక. ఇన్నేళ్లలో నా మీద ఒకరు నిద్రపోవడం ఇదే మొదటిసారి. భోజనాలకు పిలుస్తున్నారు గానీ, ఈ పిల్లను ఎవరూ లేపకుండా ఉంటే బాగుండు.