రేవు దాకా

కుట్టు టీచరుకు కోపం రాదని అందరూ అనుకునేవారు. నిజానికి కోపం రాక కాదు, వచ్చింది పోకపోవడమే ఆవిడ జబ్బు. ఎవరేమన్నా నవ్వేసి ఊరుకునేది, ఇంటికొచ్చాక ఆ మాటను మడతపెట్టి లోపల దాచుకునేది. అలా దాచుకున్నవాటిలో అన్నిటికంటే అడుగున పడి ఉన్నది అక్క మీది కోపం. దాని వయసు ముప్పై ఏళ్ళ పైమాటే.

అక్కంటే తోడబుట్టిన అక్క కాదు. టీచరు పెళ్ళీ పేరంటం లేని పడుచుపిల్లగా ఉన్న రోజుల్లో, దీవిలో ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పమని ఆఫీసువాళ్ళు నాలుగు మిషన్లిచ్చి పడవెక్కించారు. ఎక్కడ ఉండాలో చెప్పడం మాత్రం మరిచిపోయారు. రేవులో మిషన్ల పక్కన బిక్కమొహం వేసుకుని కూర్చున్న పిల్లను చూసి, చేపల బుట్టతో పోతున్న ఒకావిడ ఆగింది. ఎవరి తాలూకు, ఏ ఊరు అని ఒక్క ప్రశ్న లేదు. "తిన్నావా?" అని మాత్రం అడిగి ఇంటికి తీసుకుపోయింది. ఆవిడే అక్క.

ఇల్లు రేవు పక్కనే. వాకిలి దాటితే మెట్లు, మెట్లు దిగితే నీళ్ళు. వలలు పెట్టుకునే చివరి గదిని ఖాళీ చేసి, దుమ్ము దులిపి, మంచం వేసి ఇచ్చింది అక్క. పొద్దున్నే నీళ్ళ మీద పడ్డ ఎండ కిటికీలోంచి దూరి పైకప్పు మీద ఆడుతుంటే, చూస్తూ పడుకునేది టీచరు. అలా ఎక్కువసేపు పడుకోనిస్తే కదా! తల దువ్వుకున్న వెంట్రుకలు మూల పడేశావని, తడిచెయ్యి ఉప్పు డబ్బాలో పెట్టావని, నీళ్ళ గదిలో దూరితే ఒక పట్టాన బయటికి రావని అక్క పొద్దస్తమానం తిడుతూనే ఉండేది. తిట్టిన నోటితోనే పిలిచి, కూరలో మంచి ముక్క ఏరి కంచంలో వేసేది.

టీచరు కూడా ఊరుకోలేదు. క్లాసులో అక్కే అందరికంటే మొద్దు. మిషను తొక్కడం వచ్చింది గానీ కాజాలు కుట్టడం ఎంతకీ రాలేదు. ఆవిడ కుట్టిన కాజాలో ఒకేసారి రెండు గుండీలు పట్టేవి. "గాలి ఆడొద్దా మరి" అనేది అక్క, సిగ్గు లేకుండా. సాయంత్రాలు ఇద్దరూ మెట్ల మీద కూర్చుని, కాళ్ళు నీళ్ళలో పెట్టి, చేపలు బాగుచేస్తూ ఊళ్ళోవాళ్ళందరి మీదా చెప్పుకునేవారు. అంత నవ్వు టీచరు ఆ తర్వాత ఎప్పుడూ నవ్వలేదు. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, సంతోషాలకు లోటేమీ లేదు. కానీ ఆ నవ్వు వేరు.

వానాకాలం అయిపోయింది, పని కూడా అయిపోయింది. టీచరు బయల్దేరే రోజున దీవిలో ఆడవాళ్ళంతా రేవుకు వచ్చారు. ఒకళ్ళు దోసకాయలిచ్చారు, ఇంకొకళ్ళు గట్టిగా పట్టుకుని ఏడ్చారు. అక్క మాత్రం రాలేదు. పెరట్లో గిన్నెలు తోముకుంటూ వెనక్కి తిరగను కూడా తిరగలేదు. వెళుతున్నానక్కా అంటే, "ఆ గేటు వేసి పో, మేక దూరుతుంది" అంది.

పడవలో టీచరు దారి పొడుగునా ఏడ్చింది. ఊళ్ళోవాళ్ళంతా వస్తే, ఇంటి ఎదుట రేవుకు నాలుగడుగులు వేసి రాలేకపోయిందా? అయితే ఇన్నాళ్ళూ తను ఆ ఇంటికి ఎవరు? ఆఫీసువాళ్ళు రేవులో వదిలేసిన బరువే కదా! ఆ తర్వాత ఒకటి రెండుసార్లు అటునుంచి వచ్చినవాళ్ళతో అక్క కబురు పెట్టింది, ఎప్పుడొస్తావని. మర్యాదకు అడిగి ఉంటుందిలే అనుకుని టీచరు జవాబు చెప్పలేదు.

ఉద్యోగం నుంచి దిగిపోయాక ఒకరోజు కూతురు ఫోన్లో ఏవో దీవుల ఫోటోలు చూపిస్తోంది. సెలవులకు వెళ్ళి ఇంటివాళ్ళతో కలిసి ఉండొచ్చట, హోమ్‌స్టే అంటారట. ఒక ఫోటో దగ్గర టీచరు కూతురి చెయ్యి పట్టుకుని ఆపేసింది. ఆ మెట్లు, ఆ చివరి గది కిటికీ. ఎవరికీ ఏమీ చెప్పకుండా వారం రోజులకు గది తీసుకుంది. అక్క బతికుందో లేదో కూడా తెలియదు. బతికుంటే మాత్రం ఒక్కటి తేల్చుకుని రావాలి. తను ఆ ఇంటి మనిషా, కేవలం బసకొచ్చిన మనిషా?

రేవులో ఆ ఇంటి కోడలు ఎదురొచ్చింది. చల్లటి తువ్వాలు, పళ్ళరసం, "మీ ఇల్లే అనుకోండి మేడమ్" అన్న మాట, అన్నీ చకచకా అందించింది. మంచి పిల్లే, కాకపోతే ఆ మాట రోజూ అనీ అనీ అరిగిపోయింది. వరండాలో కుర్చీలో ఒక పెద్దావిడ వెల్లుల్లి ఒలుచుకుంటోంది. జుట్టు ముగ్గుబుట్ట అయింది, కళ్ళద్దాలు ముక్కు చివరకు జారాయి. తలెత్తి టీచరును పైనుంచి కిందికి చూసింది.

"ఏమే, ఇంత లావయ్యావు. మెట్టు చూసుకో, పాచి పట్టింది" అని మళ్ళీ వెల్లుల్లిలో పడింది.

నవ్వాలో ఏడవాలో టీచరుకు తెలియలేదు. అక్క గుర్తుపట్టింది, అదే గొప్ప. కానీ లేచి దగ్గరకు రాలేదే, ఇన్నేళ్ళు ఏమైపోయావని అడగలేదే! లోపల దాచుకున్న మూటలోంచి పాత కోపం మెల్లగా తల బయటపెట్టింది.

చివరి గదికి ఇప్పుడు కొత్త రంగులు, మెత్తటి పరుపు. పైకప్పు మీద ఎండ మాత్రం అలాగే ఆడుతోంది. కంచం ముందు కూర్చుంటే కోడలు అన్నీ మొదట టీచరుకే వడ్డించేది, వంటింట్లోకి వస్తే చేతులు పట్టుకుని బయటకు పంపేది. రెండోరోజు అది చూసి అక్క విసుక్కుంది. ఊరికే కూర్చోబెడితే దానికి తిన్నది అరగదు, ఆ బఠాణీలు దాని ముందు పడెయ్ అని కోడలికి చెప్పింది. టీచరు ఆ పూటంతా బఠాణీలు ఒలిచింది, ఒలుస్తూ ప్రాణం కాస్త కుదుటపడింది. అక్కకు గుండె జబ్బని, నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసమని, గుప్పెడు మాత్రలతో రోజు గడుస్తోందని అప్పుడే తెలిసింది.

మర్నాడు కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి వెళ్ళిపోతోంది. రెండు రాత్రులు ఉన్నారంతే. కోడలు ఇల్లంతటినీ రేవులో వరసగా నిలబెట్టింది. కర్ర పట్టుకుని, రొప్పుకుంటూ అక్క కూడా వచ్చింది. పడవ కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపింది. చూస్తున్న టీచరుకు ఒళ్ళు మండిపోయింది. ముక్కూమొహం తెలియని వాళ్ళకు ఇంత సాగనంపుడా? ఆ మధ్యాహ్నం ఆకలి లేదని గదిలోంచి రాలేదు.

ఆ తర్వాతి రోజు అక్క కొడుకు పడవ ఇంజను బాగుచేయించడానికి పట్నం బయల్దేరాడు. మూడు రోజుల దాకా రాడట. ఒక్కరూ లేవలేదు. కోడలు పొయ్యి దగ్గర్నుంచే ఉల్లిపాయలు మరిచిపోకని కేకేసింది. అక్క పడక కుర్చీలో కళ్ళు కూడా తెరవలేదు. అతను సంచి భుజాన వేసుకుని పోయాడు. టీచరు ఆశ్చర్యపోయి, భార్యాభర్తలేమైనా పోట్లాడుకున్నారా అని కోడల్ని నెమ్మదిగా అడిగింది.

కోడలు పకపకా నవ్వింది. ఈ ఇంట్లో ఇంటివాళ్ళను ఎవరూ సాగనంపరట. అది అత్తగారి చట్టం. బయటివాళ్ళయితేనే రేవు దాకా వెళ్ళాలి. కొత్తలో తను పుట్టింటికి వెళ్ళినప్పుడు అత్తగారు పెరట్లోంచి కదలనైనా కదల్లేదని, పడవలో వెక్కి వెక్కి ఏడ్చానని చెప్పింది. "తర్వాత తెలిసింది మేడమ్, అలా రాకపోతేనే మనం ఆవిడ మనిషని."

టీచరుకు సిగ్గేసింది, దుఃఖం వచ్చింది. ముప్పై ఏళ్ళు! ఎన్ని వానాకాలాలు, ఎన్ని సాయంత్రాలు! అక్క తనను ఇంటిమనిషిని చేసి పంపితే, తను పరాయిదాన్నని అలిగి కూర్చుంది. తిన్నగా వరండాలోకి పోయి, అక్క కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పేసింది.

అక్క జారిన కళ్ళద్దాలు పైకి తోసుకుంది.

"రోజూ నీళ్ళ మీద పోయేవాళ్ళం" అంది. "ప్రతిసారీ రేవులో నిలబడి ఏడిస్తే బతుకు సాగుతుందా? వచ్చేవాళ్ళు వస్తారని పని చేసుకోవడమే. నువ్వూ వస్తావనుకున్నా. గిన్నె తోమినప్పుడల్లా అనుకున్నా. నీకింత పౌరుషం ఉందని నాకేం తెలుసే."

టీచరు ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. అక్క వీపు మీద ఒక్కటి చరిచి, చీర తడిపేస్తున్నావని తిట్టింది. కోడలు ఆ సాయంత్రం నుంచి మేడమ్ అనడం మానేసి చిన్నత్తయ్యా అని పిలిచింది, అతిథులకు పెట్టాకే ఇంటివాళ్ళతోపాటు ఆవిడకు వడ్డించింది. మిగిలిన రోజులు టీచరు అంట్లు తోమింది, దుప్పట్లు ఉతికింది, కొత్తగా వచ్చిన అతిథులకు అన్నం పెట్టింది. వెళ్ళే ముందు అక్కను ఒక్కటే కోరింది, ఈసారి కూడా రేవుకు రావద్దని. నాకు వేరే పని లేదా అంది అక్క.

కొడుకు తిరిగొచ్చిన మర్నాడు టీచరు పడవెక్కింది. రేవులో ఎవరూ లేరు. వంటింట్లో కోడలు పాత్రలు సర్దుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. జన్మలో మొదటిసారి, ఎవరూ రానందుకు టీచరు మనసు నిండిపోయింది. ఇంతలో వాకిట్లో కర్ర చప్పుడైంది. కోడలి సాయం కూడా లేకుండా, మెట్టుకో క్షణం ఆగుతూ అక్క దిగి వస్తోంది. మళ్ళీ పరాయిదాన్నయ్యానా అనుకుంది టీచరు.

"రానన్నావుగా అక్కా."

"నీకోసం ఎవరొచ్చారే" అంది అక్క, ఆయాసం తీర్చుకుంటూ. "నువ్వు మళ్ళీ వస్తావు, నాకు తెలుసు. నేనుండనేమో. అప్పుడు నువ్వెక్కడో ఉంటావు, నన్ను సాగనంపడానికి అందవు. అందుకే ఇప్పుడే చెప్పిపోదామని వచ్చా."

ఇంజను మీద చెయ్యి వేసిన కొడుకు అలాగే తల తిప్పుకున్నాడు. అక్క కర్రను ఎడమ చేతికి మార్చుకుని, కుడి చేత్తో టీచరు చెంప తడిమింది.

"వెళ్ళొస్తానే" అంది, ఒడ్డు మీద నిలబడి.

ఆ మాటకు జవాబు చెప్పాల్సింది టీచరే, ఈ ఇంటి మనిషిగా చెప్పాల్సిందీ తనే. కళ్ళు తుడుచుకుని, అక్క చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"వెళ్ళిరా అక్కా" అంది.