పాట వినని మనిషి

పిల్లల్ని పరదేశం తీసుకెళ్ళి పాడించడమంటే పెళ్ళివారిని బస్సెక్కించినట్టు కాదని సుచిత్రకు పోయినేడే తెలిసివచ్చింది. పెనుకొండలో ఒక ప్రైవేటు బడిలో ఆమె సంగీతం టీచరు. పన్నెండుమంది పిల్లలతో సింగపూర్ వెళ్ళింది. విమానంలో ఇద్దరు వాంతులు చేసుకున్నారు, ఒకమ్మాయి లిఫ్టులో ఇరుక్కుని హోటలు మొత్తానికీ వినపడేలా ఏడ్చింది, ఒకడు స్టేజీ ఎక్కబోతూ గొంతు రావడం లేదన్నాడు. అయినా అందర్నీ పాడించి క్షేమంగా ఇళ్ళకు చేర్చింది. ఆ తర్వాత బజారులో ఎదురుపడితే తల్లులు ఆమె చేయి పట్టుకుని వదిలేవాళ్ళు కాదు.

అందుకే ఈ ఏడు గల్ఫ్‌లో తెలుగువాళ్ళ పండుగకు పిలుపు వచ్చినప్పుడు, తల్లిదండ్రుల్ని ఒప్పించే పని ఆమె నెత్తిన పడింది. ధర్మవరంలో అశ్విని వాళ్ళింట్లో మరీ కష్టమైంది. తల్లి మగ్గం దిగలేదు. అవ్వ కుళ్ళాయమ్మ పట్టుదారం కండెలకు చుడుతూ తలెత్తకుండా విన్నది.

"తండ్రి లేని బిడ్డమ్మా ఇది. ఎప్పుడూ కదిరి తేరు తిరణాల దాటి పోయిండ్లేదు. అంతదూరం యాడికని పంపేది?"

"నేనుంటాను కదవ్వా. నాతోనే పోతాది, నాతోనే వస్తాది."

కుళ్ళాయమ్మ అప్పుడు తలెత్తింది. "అయితే నీ మాట మీద పంపుతా" అంది.

ఆ మాటకు సుచిత్ర పొంగిపోయింది. తన మీద ఇంత నమ్మకం ఉందా అని బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు మురిసిపోయింది పిచ్చిది.

ఈసారి ఏర్పాట్లు చూసేవాడు రఘునాథ్. పోయినేడు వాళ్ళను తీసుకెళ్ళిన పెద్దాయనకు ఒంట్లో బాగోలేదని, తాను ఆయన భాగస్వామినని చెప్పి బెంగళూరు నుంచి కారులో దిగాడు. తీయగా మాట్లాడతాడు. బడి కరస్పాండెంటుకు శాలువా కప్పాడు. పిల్లలకు చాక్లెట్లు పంచాడు. అసలు పెద్దాయనకు సుచిత్ర రెండుసార్లు ఫోను చేస్తే ఎత్తలేదు. ఒంట్లో బాగోలేదు కదా అనుకుంది.

బడిలో బృందంగా పాడే ముప్పైమందిలో ఎనిమిదిమంది ఆడపిల్లల్ని ఎంచుకుంటానన్నాడు. ఒక్కొక్కరినీ పిలిచి కూర్చోబెట్టి ఇంట్లో ఎవరెవరున్నారు, నాయన ఏం చేస్తాడు, ఊళ్ళో చుట్టాలెవరు అని అడిగాడు. పాడమని ఎవరినీ అడగలేదు.

ఎంపికైనవాళ్ళ పేర్లు వినగానే సుచిత్ర మళ్ళీ చదవమంది. సాయిసుధ లేదు. పాటకు జోడుగా కింది స్వరంలో సాగే రెండో గొంతు మొత్తాన్ని తన భుజాన మోసే పిల్ల సాయిసుధ. ఆమె నాయన హిందూపురం కోర్టులో గుమాస్తా, నలుగురూ ఎరిగిన మనిషి. అశ్విని ఉంది. అశ్విని బంగారంలాంటి పిల్లే గానీ శ్రుతికి ఆమడ దూరం. పాపం బాధపడుతుందని సుచిత్ర ఆమెను వెనక వరుసలో నిలబెట్టి, పెదాలు మాత్రం కదపమని చెప్పేది.

"వీళ్ళతో పాట నిలబడదు సార్" అంది.

"స్టేజీ మీద ముఖాలు ముఖ్యం మేడం. పాటదేముంది, అదే వస్తాది" అన్నాడు రఘునాథ్ నవ్వుతూ. "ఇంకో మాట. మీ వీసా కొంచెం ఆలస్యమయ్యేట్టుంది. పిల్లలతో మా మేడం పోతాది, మీరు వెనక రండి."

శుక్రవారం అతను రిహార్సలు చూస్తానని వచ్చాడు. సుచిత్ర ఎన్నడూ చేయని పని చేసింది. ఆటగా ఉంటుందని పిల్లలకు చెప్పి, రెండో గొంతువాళ్ళ చేత కావాలనే అపశ్రుతిలో పాడించింది. పాట అడ్డంగా కూలింది. పిల్లలు నవ్వు ఆపుకోలేక ఒకరి వీపు వెనక ఒకరు దాక్కున్నారు. గేటు దగ్గరి వాచ్‌మన్ కూడా ఏమైందోనని తొంగిచూశాడు. పోయినేడు ఆ పెద్దాయన, పిల్లలు ఒక్కచోట ఊపిరి తప్పుగా తీసుకున్నారని ఆ చరణాన్ని ఎన్నిసార్లు పాడించాడో చెప్పలేం. రఘునాథ్ ఫోనులోంచి తలెత్తి చప్పట్లు కొట్టాడు.

"ఎక్సలెంట్ మేడం. ఇట్లే పాడించండి."

సుచిత్ర పిల్లల్ని గదికి పంపేసింది. వీడికి పాటతో పనిలేదు. మరి పిల్లలతో ఏం పని? గాండ్లపెంట నుంచి ఇంటిపనికని గల్ఫ్ వెళ్ళి, ఇప్పటికీ ఇంటికి ఫోనైనా చేయని ఆడమనిషి సంగతి ఆమె వినే ఉంది. ఈ పిల్లలకూ అదే గతేమోనని తలచుకోవడానికి కూడా భయపడింది.

కరస్పాండెంటు దగ్గరికి పరుగెత్తి, పిల్లల్ని పంపొద్దంది. ఆయన శాలువా ఇంకా కుర్చీ మీదే ఉంది.

"నిన్ను వెనక రమ్మన్నారని బాధగా ఉండాదా అమ్మా?" అన్నాడాయన. "ప్రయాణం ఇంకా పదిరోజులుంది. పిల్లల పాస్‌పోర్టులు కూడా ఆయన దగ్గరే భద్రంగా ఉండాయి. అపశకునం మాటలు మాట్లాడద్దు."

భద్రంగా ఉన్నాయట.

హాస్టలు పిల్లలు శనివారం ఇళ్ళకు పోయారు. ఆదివారం పొద్దున్నే సుచిత్ర ధర్మవరం బస్సెక్కింది. ఎనిమిది ఇళ్ళకూ తానే వెళ్ళి పంపమని చెప్పింది, ఎనిమిది ఇళ్ళకూ తానే వెళ్ళి వద్దని చెప్పాలి. ముందు అశ్విని ఇల్లు. మాట పోతే పోనీ, పిల్ల దక్కితే చాలనుకుంది.

మగ్గం ఆడుతూనే ఉంది. కుళ్ళాయమ్మ ఆమెను చూసి కండె కింద పెట్టేసింది.

"నువ్వేంది ఈడుండావు?"

"అశ్విని ఏదవ్వా?"

"తెల్లారకముందే బండొచ్చి ఎక్కించుకుని పాయె. ప్రయాణం ముందుకు జరిగిందంట. నువ్వు రమ్మన్నావని చెప్పినారు."

మగ్గం ఆగిపోయింది. తల్లి మగ్గం గుంతలోంచి లేచి నిలబడింది. సుచిత్ర కుళ్ళాయమ్మ పక్కనున్న ఫోను లాక్కుని అశ్వినికి చేసింది.

"అవ్వా, బాగేపల్లి దాటినాం" అంది అశ్విని సంబరంగా. వెనక పిల్లలు పాట పాడుతున్నారు.

"నేను, సుచిత్ర మేడాన్ని."

"మేడం, మీరు ముందే ఏర్‌పోర్టులో ఉండారని సార్ చెప్పినాడే. మరి మా ఇంట్లో ఎట్లుండారు?"

"అశ్వినీ, బండి ఆపమను. అందరూ దిగేయండి. జనం ఉండేచోట దిగి..."

"ఫోను ఇటియ్యి పాపా" అంది ఎవరో ఆడగొంతు, మెత్తగా. వెనక పాట ఒక్కొక్కరుగా ఆగిపోయింది. ఫోను కట్టయింది. మళ్ళీ చేస్తే స్విచ్చాఫ్.

సుచిత్ర పోలీసులకు ఫోను చేసింది. ఎనిమిదిమంది ఆడపిల్లలు, బెంగళూరు దారి, బాగేపల్లి దాటారు అని గబగబా చెప్పింది. అవతలి మనిషి బండి నంబరు అడిగాడు. తెలియదంది. రంగు అడిగాడు. కుళ్ళాయమ్మ వైపు చూసింది. చీకట్లో ఎవరు చూశారు?

"తీసుకుపోయినోడు పిల్లలకు తెలిసినోడేనా అమ్మా? ఇంట్లోవాళ్ళు ఎవరిని నమ్మి పంపించినారు?"

కుళ్ళాయమ్మ ఆమె ముఖంలోకే చూస్తోంది.

"నన్ను" అంది సుచిత్ర.