కాల్చినవాడికి పదిహేనేళ్లు

మణికుమారి భర్త ప్రీతమ్ అమెరికాలో ఒక పెట్రోల్ బంకు దుకాణంలో, పట్టపగలు పన్నెండున్నరకు, దోపిడీకి వచ్చినవాడి తుపాకీ గుండు తగిలి చనిపోయాడు. అది 2014 మే నెల. అంతకుముందు అతను పన్నెండేళ్లు ఒమాన్‌లో ల్యాబ్ టెక్నీషియన్. అమెరికాలో ఉన్న అక్క సులోచన ఎప్పుడో పెట్టిన వీసా కాగితాలకు వంతు వచ్చి, భార్యాబిడ్డల కన్నా ముందు తాను వెళ్లాడు. ఇక్కడి సర్టిఫికెట్ అక్కడ చెల్లదన్నారు. పరీక్ష రాసేదాకా అని ఆ కౌంటర్ పనిలో చేరాడు. ఐదో నెలలో శవపేటికలో అమలాపురం చేరాడు.

మణికుమారి ఒమాన్‌లోని నిజ్వాలోనే ఉండిపోయింది. ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. కూతురు అబిగైల్‌కు పదకొండేళ్లు.

ఏడాదిన్నర తర్వాత, అక్టోబరులో ఒక సాయంత్రం, ఆమె మార్నింగ్ డ్యూటీ దిగి వచ్చి అన్నం వండుతుంటే అమెరికా నుంచి ఫోను వచ్చింది.

"అమ్మా, నేను తెలుగు అనువాదకురాలిని. ప్రాసిక్యూటర్ ఆఫీసు వాళ్లు లైన్లో ఉన్నారు. మీకు మంచి వార్త. డార్లా అనే ఆమె మీద హత్యానేరం రుజువైంది."

"డార్లా ఎవరండి? కాల్చింది రాండీ అన్నారు కదా?"

"కాల్చింది అతనేనమ్మా. ఆమె బయట కారులో కూర్చుంది. కారు నడిపింది ఆమె."

"మరి రాండీకి ఎంత వేశారు?"

అవతల ఇంగ్లీషులో ఏదో మాట్లాడుకున్నారు. "అతను ముందే నేరం ఒప్పుకున్నాడమ్మా. ఆమెకు వ్యతిరేకంగా సాక్ష్యం కూడా చెప్పాడు. అందుకని పదిహేనేళ్లు."

"ఆమెకు?"

"తక్కువలో తక్కువ ఇరవై ఐదు. ఎక్కువంటే బతికున్నంత కాలం. వచ్చే గురువారం జడ్జిగారు తేలుస్తారు. మీ బాధ ఏమిటో మీరు ఫోనులో చెబితే, ఎక్కువ వేయమని వీళ్లు అడగడానికి వీలవుతుంది."

తాను సరిగా వినలేదేమో అనుకుని మణికుమారి మళ్లీ అడిగింది. కాల్చినవాడికి పదిహేను, కారులో కూర్చున్న ఆమెకు ఇరవై ఐదు. సరిగానే విన్నది. దోపిడీలో ఎవరైనా చనిపోతే, అందులో పాలున్న వాళ్లందరూ హంతకులేనని అక్కడి చట్టమట. రాండీ సహకరించాడు కాబట్టి అతని లెక్క వేరట.

"వాడికి తగ్గించేముందు నన్ను అడిగారా? చచ్చిపోయింది నా భర్త."

"మీ ఆడపడుచుగారి అడ్రసుకు ఉత్తరం పంపామంటున్నారమ్మా."

పొయ్యి మీద అన్నం మాడిపోయింది. ఆమె దాన్ని గిన్నెతో సహా సింకులో పడేసింది.

కోర్టు కాగితాలన్నీ పంపమని మణికుమారి పట్టుబట్టింది. రెండు రోజులకు ఈ-మెయిల్‌లో వచ్చాయి. ఆమెతో పనిచేసే సర్వరీ బేగం, హైదరాబాదు మనిషి, వార్డు కంప్యూటర్లో వాటిని ప్రింటు తీసింది. బ్రేకులో ఇద్దరూ కూర్చుని చదివారు.

రాండీ అంతకుముందు ఒక మనిషిని కొట్టి జైలుకు వెళ్లొచ్చినవాడు. అలాంటివాడి దగ్గర తుపాకీ ఉండకూడదు. అయినా ఒక ఆదివారం సంతలో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర కొనుక్కున్నాడు. అమ్మినవాడు పేరైనా అడగలేదు. ఆ అమ్మినవాడి మీద కేసే లేదు. ప్రీతమ్‌కు గుండు తగిలింది తొడకు. చంపాలని కాదు, బెదిరించడానికి కాల్చాను అన్నాడు రాండీ. ప్రాసిక్యూటర్లు ఒప్పుకున్నారు.

నేరం ఒప్పుకుంటే ఎనిమిదేళ్లతో సరిపెడతామని డార్లాకు కూడా చెప్పారు. నేను చంపలేదు, వాడు సిగరెట్లకు వెళ్లాడనుకున్నాను, చంపానని ఎలా ఒప్పుకుంటాను అందామె. విచారణ కోరుకుంది. ప్రభుత్వం ఇచ్చిన వకీలు ఆమెను విచారణకు ముందు మూడుసార్లే కలిశాడు. కాల్చినవాడి కన్నా ఈమెకు ఎక్కువా, అంది మణికుమారి.

ఆ తర్వాతి పేజీ మణికుమారి రెండుసార్లు చదివింది. చప్పుడు విని, పరిగెత్తుకొచ్చిన రాండీని ఎక్కించుకుని డార్లా వెళ్లిపోయింది. ఎవరికీ ఫోను చెయ్యలేదు. దుకాణానికి ఇంకొకరు వచ్చేసరికి పన్నెండు నిమిషాలైంది. తొడలో రక్తనాళం తెగితే పన్నెండు నిమిషాలంటే ఏమిటో నర్సుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎవరైనా గుడ్డ పెట్టి రెండు చేతులతో గట్టిగా నొక్కి పట్టుకుని ఉంటే ప్రీతమ్ బతికేవాడు.

"ఇది చదివినంక గూడ ఆమె దిక్కు మాట్లాడ్తవా?" అంది సర్వరీ బేగం. "పోన్ జేస్తే మీ ఆయన బతుకుతుండె."

"ఆమె మీద నాకు జాలేం లేదక్కా. ఆ పన్నెండు నిమిషాలకి ఎంత వెయ్యాలో అంతా వెయ్యమను. కానీ వాడి తుపాకీ కూడా తెచ్చి ఆమె చేతిలో పెడతారేంటి? పొద్దున్న మూడో బెడ్డుకి మార్ఫిన్ ఇచ్చాను. ఇద్దరం సంతకం పెట్టి, ఖాళీ గాజు గొట్టం కూడా తిరిగి అప్పజెప్పాం. నొప్పి తగ్గించే మందుకి ఇక్కడ ఇంత కాపలా. అక్కడ ప్రాణం తీసే వస్తువుకి పేరు కూడా అడగలేదు. అడగనోడు ఇంట్లో హాయిగా ఉన్నాడు."

కాగితాలతో పాటు, కోర్టుకు మణికుమారి చదివి వినిపించవలసిన ప్రకటన కూడా ప్రాసిక్యూటర్ ఆఫీసు వాళ్లే రాసి పంపారు. 'నా భర్తను చంపిన ఈ స్త్రీ' అని మొదలైంది. మణికుమారి దాన్ని నిలువునా చింపింది.

బుధవారం సులోచన ఫోను చేసింది.

"మణీ, వాళ్లు రాసిచ్చింది చదివెయ్యి. నీకెందుకు గొడవ?"

"రాండీతో బేరం సంగతి నీకు ముందే తెలుసా వదినా?"

"ఉత్తరం వచ్చింది. పిల్లతో ఒక్కదానివే ఉన్నావని చెప్పలేదు. ఆ కోర్టు చుట్టూ తిరిగింది నేను. నాకు మాత్రం ఉండదా? ఎవరో ఒకరికి పడాలి కదే. వాడికి సరిగా పడలేదు, దీనికైనా పడనీ."

"ఎవరో ఒకరి మీద పడిపోవడానికి అదేమన్నా వానా వదినా?"

"నువ్వు ఎవరి పక్షమో నాకర్థం కావట్లేదు," అని సులోచన ఫోను పెట్టేసింది.

గురువారం అక్కడ పొద్దున పది, ఇక్కడ సాయంత్రం ఆరు. ఇంటర్నెట్ వీడియో కాల్స్ ఈ దేశంలో పనిచేయవు కాబట్టి మామూలు ఫోనే. మణికుమారి మంచం మీద కూర్చుంది. అబిగైల్ వెళ్లనంటే పక్కనే ఉండనిచ్చింది. కోర్టు హాల్లో దగ్గులు, కుర్చీల చప్పుడు వినిపించాయి. జడ్జి ఒక ఆడమనిషి. మాట్లాడమంది.

"నేను కోపంగా ఉన్నానండి," అని మణికుమారి తెలుగులో మొదలుపెట్టింది.

అనువాదకురాలు ఇంగ్లీషులో ఆమె చాలా విచారంగా ఉన్నారని చెప్పింది.

"శాడ్ కాదు. యాంగ్రీ," అంది మణికుమారి. ఇక అక్కడినుంచి అనువాదకురాలిని ఆపేసి, పేషెంట్లతో, డాక్టర్లతో రోజూ మాట్లాడే ఇంగ్లీషులోనే చెప్పింది.

తన భర్తను కాల్చింది రాండీ అని, వాడి శిక్ష తగ్గించే ముందు తనను ఎవరూ అడగలేదని చెప్పింది. డార్లా కారు ఆపి ఫోను చేసి ఉంటే ఇవాళ తాను మాట్లాడే పని ఉండేది కాదంది. ఆ మాటకు అవతల ఎవరో ఏడవడం వినిపించింది. అది డార్లాయేనని తెలిసినా మణికుమారి ఆగలేదు.

"నువ్వు ఏడిస్తే నాకేం ఒరగదు. ఆ పన్నెండు నిమిషాలూ నీవే, మొయ్యి. కానీ గుండు నీది కాదు. జడ్జిగారూ, ఆమె చేసినదానికి ఆమెకు వెయ్యండి. వాడు చేసినదానికి వాడికి వెయ్యండి. వాడికి తగ్గించింది ఈమె నెత్తిన పెట్టి, నా భర్తకు న్యాయం చేశామని మాత్రం నాతో అనకండి. తప్పు ఒప్పుకుంటే ఎనిమిదేళ్లన్నారు. విచారణ అడిగినందుకు ఇరవై ఐదా? ఆ మిగతా పదిహేడేళ్లు దేనికి?"

ప్రాసిక్యూటర్ ఏదో అడ్డు చెప్పబోయాడు. జడ్జి అతన్ని కూర్చోమంది. చాలాసేపు కాగితాలు తిప్పిన చప్పుడు. చివరికి జడ్జి చెప్పింది: రాండీ ఒప్పందం వేరే కోర్టులో ముగిసిపోయింది, దాన్ని మళ్లీ తెరిచే వీలు తనకు లేదు. డార్లాకు ఇరవై ఐదేళ్ల కన్నా తక్కువ వేసే అధికారం చట్టం తనకు ఇవ్వలేదు. ఒక్క ఏడాది కూడా ఎక్కువ వేయడం లేదు. ఇరవై ఐదు.

లైను తెగింది.

"మమ్మీ, డాడీని కాల్చినోడు ముందు బయటికొస్తాడా?" అంది అబిగైల్.

"వస్తాడమ్మా."

"అది తప్పు కదా?"

"తప్పే."

పిల్లకు అన్నం పెట్టింది, తాను తినలేదు. సులోచన ఆ రోజూ ఫోను చేయలేదు, క్రిస్మస్‌కూ చేయలేదు.

తీర్పు మర్నాడు శుక్రవారం, సెలవు. పొద్దున్నే మణికుమారి ప్రాసిక్యూటర్ ఆఫీసుకు ఇంగ్లీషులో ఉత్తరం రాసింది. రాండీని ముందుగా విడుదల చేయాలని ఎప్పుడు ఆలోచించినా, ఆ వాయిదా తేదీ నేరుగా తనకే, నిజ్వా అడ్రసుకే తెలియజేయాలని, ప్రతిసారీ తాను మాట్లాడతానని. తుపాకీ అమ్మినవాడి మీద కేసు ఎందుకు లేదో కూడా అడిగింది. మొదటిదానికి నెలలోపల జవాబు వచ్చింది, ఆమె పేరు నమోదు చేశామని. రెండోదానికి రాలేదు. ఆమె మళ్లీ రాసింది.