రెండు గంటలకు బయల్దేరే బేస్

పొద్దున్నే లేవగానే గిటారాయన చేసే మొదటి పని వీధి తలుపు గడియ చూసుకోవడం. రెండో పని మొహం కడుక్కోవడం. మూడోది, ముందుగదిలో మూలన మనిషెత్తు ఫిడేలులా నిలబడ్డ డబుల్ బేస్ దగ్గరికి పోయి, తీగల మీద చూపుడువేలు రాసి, ఆ వేలిని కిటికీ వెలుతురులో చూసుకోవడం. ఆ రోజు కూడా వేలికి తెల్లటి పొడి అంటింది.

"చూశావా?" అని వేలు తీసుకెళ్ళి భార్య కళ్ళముందు పెట్టాడు.

"దుమ్ము" అందామె, పొయ్యి మీంచి చూపు తిప్పకుండా.

"దుమ్ము కాదు. తీగల మీద లాగే కమానుకు రాసే గుగ్గిలం, రోజిన్ పొడి. నా దగ్గర కమానే లేదు."

"అయితే ఉన్నవాళ్ళెవరో వాయిస్తున్నారన్న మాట. వేలు కడుక్కుని రండి, టీ చల్లారిపోతుంది."

ఆ మాటతో అతనికి టీ కూడా చేదెక్కింది.

ఇరవై రెండేళ్ళుగా అతను నాటకశాల వాద్యబృందంలో బేస్ గిటార్ వాయిస్తున్నాడు. అతని పక్కనే నిలబడి పెద్దాయన ఒకాయన డబుల్ బేస్ వాయించేవాడు. ఆరు నెలల కిందట ఆయన పోయాడు. ఆ వెనకే కొత్త మాస్టరు వచ్చాడు. వచ్చినవాడు వారం రోజులు ఊరికే విని, ఒకరోజు అందరి ముందూ చెప్పేశాడు. "ఈ కొత్త నాటకానికి కరెంటు గిటారు పనికిరాదు. నాకు చెక్క చప్పుడు కావాలి. నెల రోజులు టైమిస్తున్నాను. పెద్దాయన వాయించిన బేస్ ఇంటికి తీసుకుపోయి నేర్చుకో. వచ్చిందా, కుర్చీ నీది. రాలేదా, ఇంకొకరిది."

ఆ "ఇంకొకరిది" అన్న మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. ఎవరా ఇంకొకరు? ఆలోచించగా ఆలోచించగా బావమరిది ముఖమే కనబడింది. అతనూ బేస్ గిటార్ వాయిస్తాడు, ఎక్కడా నిలకడగా కుర్చీ లేదు. పైగా బేస్ ఇంటికొచ్చిన మొదటి రోజే దాని నడుము మీద చెయ్యేసి, "బావా, భలే ఉందే" అన్నాడు.

బేస్ ఇంట్లోంచి బయటికి వెళ్తున్న సంగతి రహస్యమేం కాదు. మధ్యాహ్నం రెండు కాగానే అది తన ఒంటికాలి మీద టక్కు టక్కుమంటూ మెట్లు దిగి వీధిలోకి పోయేది. పెద్దాయన ఇంట్లో ఉన్నప్పుడూ దానికి తిరుగుడు అలవాటే. సైకిళ్ళవాళ్ళు దారిచ్చేవాళ్ళు. మలుపులో పోలీసు చెయ్యెత్తి బండ్లు ఆపేవాడు. నాలుగు కొట్టేసరికి తిరిగొచ్చి తన మూలన తను నిలబడేది. గిటారాయన భార్యకు ఆరేసిన బట్టలు పక్కకు జరపడం ఒక పని పెరిగింది, అంతే. దాని కాలి ఇనుప ముల్లు నేలమీద గుంటలు చేస్తోందని మాత్రం సణిగేది.

నడిస్తే నడవనీ. ఎవరి దగ్గరికి నడుస్తోందన్నదే అతని బాధ. ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా అతను వాద్యాల దుకాణంలో కూర్చుని వచ్చినవాళ్ళ గిటార్లకు తీగలు కడతాడు. ఆ వేళ చూసుకుని వెళ్ళడం ఏమిటి? ఒక్క రోజిన్ పొడి అయితే సరిపెట్టుకునేవాడు. మెడ దిగి పొట్ట మీదికొచ్చే చోట సన్నతీగ మెరుగెక్కింది. అతనింకా అంత కిందికి చెయ్యి దించనే లేదు. అన్నింటికన్నా కడుపు మండించిన సంగతి మరొకటి ఉంది. తను రాత్రి వదిలిన శ్రుతి కన్నా, మధ్యాహ్నం షికారు నుంచి తిరిగొచ్చాక దాని శ్రుతి బాగుంటోంది. దొంగ ఎవడోగానీ చెవి ఉన్నవాడు.

తన చెయ్యేమో లొంగడం లేదు. రెండు వాద్యాలకీ నాలుగే తీగలు, నాలుగూ అవే స్వరాలు, కాబట్టి పెద్ద కష్టం ఉండదనుకున్నాడు. గిటారు మీద నాలుగు వేళ్ళు, నాలుగు మెట్లు, వేలికొక ఇల్లు. దీని మీద మెట్లే లేవు. బొటనవేలితో మెడను వెనకనుంచి గట్టిగా నొక్కి పట్టుకుంటే గానీ స్వరం పలికేది కాదు, పది నిమిషాలకే మణికట్టు లాగేసేది. అందుకని దుకాణంలో వెతికి వెతికి అన్నింటికన్నా సన్నటి ఉక్కు తీగలు ఏరి కట్టాడు. వేళ్ళకు హాయిగానే ఉంది. చప్పుడే కాస్త రేకు డబ్బాలా మోగింది.

ఆదివారం భోజనానికి వచ్చిన బావమరిదిని నిలదీశాడు.

"మధ్యాహ్నం రెండింటికి నువ్వెక్కడుంటావురా?"

"పడుకుని ఉంటాను బావా."

"ఎవరు చూశారు?"

"పడుకున్నవాణ్ణి ఎవరు చూస్తారు బావా? చూస్తే మాత్రం నాకేం తెలుస్తుంది?"

"అక్కా తమ్ముడూ నవ్వుకోండి" అన్నాడు గిటారాయన. "కమాను ఎక్కడ దాచావు?"

"మా తమ్ముడికి దువ్వెన పట్టుకోవడమే సరిగ్గా రాదు, కమాను పట్టుకుంటాడా?" అంది భార్య.

వాళ్ళిద్దరూ ఒకటేనని అతనికి రూఢి అయిపోయింది. తలుపు బయట తాళం వేస్తే బేస్ లోపల్నుంచి తలతో కొట్టి కొట్టి పక్కింటివాళ్ళ నిద్ర చెడగొట్టింది, ఆ ఉపాయం ముందే తప్పింది. బావమరిది వెళ్ళగానే అతను విసురుగా లేచి, బేస్ మరలు తిప్పి, నాలుగు తీగలూ ఒక్కసారే విప్పేశాడు. గిటారుకు నెలకోసారి అలాగే విప్పుతాడు. విప్పి, నీళ్ళలో మరిగించి, తుడిచి మళ్ళీ కడతాడు. తీగలే లేకపోతే వాడు ఏం వాయిస్తాడో చూద్దాం అనుకున్నాడు.

నాలుగో తీగ వదులవుతుండగా గుర్రం, అంటే తీగల్ని మోసే చెక్క, కిందపడింది. పొట్టలోపల ఏదో 'టక్' మంది.

ఆ మధ్యాహ్నం బేస్ కదల్లేదు. ఆ రాత్రి గిటారాయన చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు. సోమవారం పొద్దున తీగలు కట్టి వేలు వేస్తే, గోనెసంచిని కర్రతో కొట్టినట్టుంది. బేస్‌ను కాస్త వంచితే లోపల ఏదో దొర్లింది. నెల గడువు తీరి మాస్టరు పెట్టే పరీక్ష శుక్రవారం.

భార్య వచ్చి బేస్ పొట్టకు చెవి ఆనించింది. "దీని ప్రాణం ఊడిపడింది. రోజూ పోయే చోటికి తీసుకుపోండి, వాళ్ళకు తెలిసుంటుంది."

"వాళ్ళెవరో నీకు తెలుసా?"

"నాకెందుకు తెలుస్తుంది? గుంటలున్నాయిగా."

అతను దుకాణానికి సెలవు చెప్పి, బేస్‌ను వీపుమీద ఎత్తుకుని, వంగి గుంటలు చూసుకుంటూ బయల్దేరాడు. ఎండకు మెత్తబడిన తారులో అవి వరసగా, సూదిపోట్లలా ఉన్నాయి. బావమరిది ఇల్లు ఎడమకు. గుంటలు కుడికి తిరిగాయి. అప్పుడు కూడా అతను, నా కళ్ళు కప్పడానికి చుట్టు తిరిగి వెళ్తోందన్న మాట అనుకున్నాడు. మందుల షాపు, గడియారాలు బాగుచేసేవాడి కొట్టు దాటి, నీలం రంగు తలుపు ముందు గుంటలు ఆగిపోయాయి. ఆ గుమ్మం అతనికి తెలుసు. పెద్దాయన పోయిన రోజు ఇక్కడికే వచ్చాడు.

తలుపు తీసింది పెద్దాయన భార్య. నిన్న రాలేదేం, అని అడిగింది. అడిగింది అతన్ని కాదు, వీపు మీదున్న దాన్ని.

"అయితే మీరేనా?" అన్నాడు గిటారాయన.

"నేను పిలవలేదు నాయనా. అదే వస్తుంది. గుమ్మంలో నిలబెట్టి మాట్లాడతానా? లోపలికి తీసుకురా."

మంచం మీద పడుకోబెట్టి, పొట్ట మీదున్న వంకర రంధ్రంలోకి చూసింది. తర్వాత అతని వైపు చూసింది.

"నాలుగూ ఒక్కసారే తీశావా?"

"గిటారుకు అలాగే…"

"గిటారు పలక. ఇది ఇల్లు. లోపల నిలువుగా ఒక కర్ర ఉంటుంది, చూపుడువేలంత. జిగురుండదు, మేకుండదు. తీగల బరువుకే అది నిలబడుతుంది. అందుకే ఒకటి విప్పి, దాని చోట కొత్తది కట్టాకే రెండోది ముట్టుకోవాలి."

వంకర ఇనుప ఊచ ఒకటి తెచ్చి, దానికి కర్రను గుచ్చి, ఊపిరి బిగబట్టి లోపల నిలబెట్టింది. మూడోసారికి నిలిచింది. ముప్పై ఏళ్ళు మొగుడికి తీగలు కట్టింది, శ్రుతి చూసింది, ఆయన పడుకున్నాక మధ్యాహ్నాలు వాయించుకుంది. నాటకశాలలో అడుగుపెట్టింది టికెట్ కొనుక్కునే.

అతని ఉక్కు తీగల్ని వేలికి చుట్టుకుని చూసింది. "ఇవి నీ చేతికి నచ్చి కట్టావు. దీన్ని అడిగావా?" పెట్టెలోంచి గొర్రెపేగుతో చేసిన తీగలు రెండు తీసింది, పసుపు రంగువి. పైరెంటికి పేగు, కింద రెంటికి బరువైన ఉక్కు. "సన్నవాటికి పొట్ట కదలదు. దీనికి బరువు మోయడమే ఇష్టం. పేగు తీగలు మూడు రోజులు సాగుతాయి, శ్రుతి జారుతుంది. భయపడకు."

శుక్రవారానికి సరిగ్గా శ్రుతి జారే తీగలన్న మాట, అనుకున్నాడు గిటారాయన. దాచుకోకుండా అడిగేశాడు కూడా. "అమ్మా, మీకు ఆ కుర్చీ కావాలా?"

"కావాలి" అందామె, మర తిప్పుతూనే. "ముప్పై ఏళ్ళుగా కావాలి. ఎవరూ అడగలేదు. ఏదీ, చెయ్యి పెట్టు చూద్దాం."

ఇంత సూటిగా చెప్పేవాళ్ళని ఎలా అనుమానించాలో అతనికి తోచలేదు. చెయ్యి పెట్టాడు. ఆమె అతని బొటనవేలు పట్టుకుని లాగేసింది. "దొంగను పట్టుకున్నట్టు పట్టుకుంటావేం? మోచెయ్యి పైకెత్తు. భుజం బరువు వేళ్ళలోకి దిగనీ. ఉంగరపు వేలు ఒంటరిగా దేనికీ చాలదు, చిటికెన వేలికి తోడు పంపు. కుడిచేత్తో వేలికొసతో గీకకు, వేలి పక్కభాగమంతా తీగకు ఆనించి లాగు."

మొదటిసారి స్వరం నేలలోంచి వచ్చి అతని అరికాళ్ళకు తగిలింది.

మంగళవారం దుకాణానికి పోయే ముందు ఒక గంట, బుధ, గురువారాలు మరో గంట, ఆమె దగ్గర కూర్చున్నాడు. నేర్చుకుంటూనే ఆమె ఎక్కడ తప్పు నేర్పుతోందోనని కాచుకుని చూశాడు. దొరకలేదు. దొరకకపోవడం కూడా అనుమానంగానే ఉంది. గురువారం సాయంత్రం మాస్టరు కబురు పంపాడు, పరీక్ష రెండు గంటలకని. గిటారాయన ఆ టైము మార్చమని బతిమాలాడు. "రెండంటే రెండే" అన్నాడు మాస్టరు.

శుక్రవారం వేదిక మీద, ఎవరూ చూడకుండా, అతను తోలు పట్టీతో బేస్ ఒంటికాలిని నేలకు బిగించిన ఇనుప కుర్చీకి కట్టాడు. మాస్టరు పది నిమిషాలు ముందే వచ్చి, ఇక మొదలుపెట్టమని, మొదటి వరసలో కూర్చుని కాగితాలు తిప్పుతున్నాడు. వాయించడం మొదలుపెట్టాడు. బాగానే వచ్చింది. చెయ్యి తేలిగ్గా ఉంది, పేగు తీగలు నిలిచాయి, మాస్టరు కాగితాలు తిప్పడం ఆపాడు. అప్పుడు గోడ గడియారం రెండు కొట్టింది.

బేస్ ముందుకు వంగింది. పట్టీ లాగింది. స్వరం గొంతు పట్టుకున్నట్టు నలిగింది. అతని బొటనవేలు తనంతట తనే మెడ వెనక బిగుసుకుంది. పొట్టలోపల ఆ కర్ర సన్నగా కిర్రుమనడం అతని ఛాతీకి వినబడింది. ఇంకొక్క నిమిషం ఇలాగే పట్టుకుంటే పాట పూర్తవుతుంది, కుర్చీ తనది. కర్ర మళ్ళీ పడిపోతుంది.

ఒంగి, పట్టీ విప్పేశాడు.

బేస్ టక్కు టక్కుమంటూ వేదిక దిగి, కుర్చీల మధ్యనుంచి నడిచి, తలుపు దాటి పోయింది. తలుపు దగ్గరున్న టికెట్ల మనిషి కాళ్ళు ముడుచుకుని దారిచ్చాడు.

"ఎక్కడికి?" అన్నాడు మాస్టరు.

ఏమైనా చెప్పొచ్చు. గాలికి పోయిందనొచ్చు. "నాకన్నా బాగా వాయించేవాళ్ళ దగ్గరికి" అన్నాడు గిటారాయన. "కమానుతో కూడా. నీలం తలుపు, గడియారాల కొట్టు దాటగానే. పెద్దాయన భార్య."

మాస్టరు ఆ సాయంత్రమే నీలం తలుపు తట్టి, ఆమె వాయించింది విన్నాడు. సోమవారం నుంచి కుర్చీ పెద్దామెది. బేస్ కాపురం నీలం తలుపు వెనకే. గిటారాయన పొద్దుటిపూట కూడా దుకాణంలో కూర్చోవడం మొదలుపెట్టాడు. ఇంట్లో భార్య గుంటల్లో మైనం నింపింది. "నేల బాగుపడింది" అని, అతని ముఖం చూసి, టీ పెట్టడానికి పోయింది.

తర్వాతి వారం గురువారం మధ్యాహ్నం, రెండు దాటి పది నిమిషాలకు, దుకాణం గుమ్మం దగ్గర టక్కుమంది. తల ఎత్తితే బేస్. దుకాణం యజమాని కళ్ళజోడు పైకి జరుపుకుని, "దారికి అడ్డంగా ఉంది, లోపలికి రమ్మనవయ్యా" అన్నాడు.

గిటారాయన అరగంట వాయించాడు. రోజిన్ పొడి వేలికి అంటితే, పోయేముందు బట్టతో శుభ్రంగా తుడిచి పంపాడు. మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ.

బుధవారం నాడు అతను వాయిస్తుంటే గుమ్మంలో నీడ పడింది. పెద్దామె వంగి, నేలమీద గుంటల్నే చూసుకుంటూ లోపలికొచ్చింది. ఆయాసపడుతోంది.

"వారం రోజులుగా చూస్తున్నా" అంది. "నేను రాసిన రోజిన్ తుడిచేసి ఉంటోంది. మెడ వెచ్చగా ఉంటోంది. ఎవరో వాయిస్తున్నారు. నువ్వేనా?"

"నేను పిలవలేదమ్మా. అదే వచ్చింది."

ఆమె నమ్మినట్టు లేదు. చుట్టూ వెళ్ళి బేస్ వెనక నిలబడి అతని ఎడమచేతిని చూసింది. బొటనవేలు మెడకు ఆనీ ఆనకుండా ఉంది.

"ఆపావేం? వాయించు."

వాయించాడు. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. పాట అయిపోయాక మోకాళ్ళు రుద్దుకుంటూ, "శనివారం రెండు ఆటలు" అంది. "నా కాళ్ళకు ఒక్కటే ఎక్కువ. పగటి ఆటకు ఎవరున్నారని మాస్టరు అడుగుతున్నాడు. నీ పేరు చెప్పనా?"

అతను తల ఊపాడు.

"ఒంటిగంటకల్లా రా. రెండింటికి ఇది ఎటూ పోదులే, ఇద్దరం అక్కడే ఉంటాం."

లేచి, బేస్‌ను అతనికే వదిలి, గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, నాలుగు తీగలూ ఉన్నాయో లేదో ఒకసారి లెక్కపెట్టుకుని మరీ వెళ్ళింది.