దూది గదిలో మాట

మధ్యాహ్నం భోజనం డబ్బా కడిగి బోర్లించాక ఇన్‌స్పెక్టరమ్మ రోజూ రోడ్డు దాటి, గడియారాల షాపు వెనకున్న దూది గదికి వెళ్తుంది. స్టేషన్‌కి ఎవరైనా వచ్చి మేడమ్ ఏరని అడిగితే కానిస్టేబుల్ తలెత్తకుండానే, "వాళ్ళమ్మ దగ్గరికెళ్ళారు, కూర్చోండి" అంటాడు. ఆ తల్లి పోయి ఏళ్ళూ పూళ్ళూ గడిచాయని వచ్చినవాళ్ళకీ తెలుసు. కూర్చుంటారు.

ఆ ఊళ్ళో హఠాత్తుగా పోయినవాళ్ళ ఆఖరి మాట వాళ్ళు పోయిన గదిలోనే ఉండిపోతుంది. పోయిన వేళకి రోజూ ఒక్కసారి వినపడుతుంది. ఇల్లు అద్దెకి చూడ్డానికొచ్చినవాళ్ళు నీళ్ళు సరిగా వస్తాయా అని అడిగి, ఆ వెంటనే మాటలేమైనా ఉన్నాయా అని అడుగుతారు. మలుపులో ఉన్న ఇంట్లో ఒక అత్తగారు "పాలు పొంగుతున్నాయే" అని పోయింది. పాపం ఆ కోడలు ఎన్నాళ్ళో పొద్దున్నే ఖాళీ పొయ్యి దగ్గరికి పరిగెత్తింది. చివరికి ఒకరోజు ఆ పొయ్యి ముందే కూలబడి, "దించేశాను అత్తయ్యా, నువ్వు పడుకో" అని ఏడ్చింది. మర్నాడు మాట లేదు. అంతే మరి. ఎవరితో అన్నారో ఆ మనిషి మనసారా బదులిస్తే మాట వెళ్ళిపోతుంది. వేరేవాళ్ళు ఎంత బదులిచ్చినా అది పట్టించుకోదు.

ఇన్‌స్పెక్టరమ్మ తల్లి మాట "వద్దన్నా".

ఆవిడా, ఆవిడ అన్నా కలిసి ఆ గదిలో పరుపులు కుట్టి అమ్మేవాళ్ళు. భర్త పోయినావిడ, చంటిపిల్ల తల్లి. ఒక మధ్యాహ్నం దూది బస్తాల మధ్య తల పగిలి పడి ఉంది. పక్కన దూది కొట్టే కర్ర. ఆ కర్ర అన్నగారిది, అతని చేతుల్లో నలిగి నల్లబడ్డది. పక్క షాపులో గడియారాలు బాగుచేసే ఆయన, వద్దన్నా అని అరుపు విని వచ్చానని పోలీసులకి చెప్పాడు. జడ్జిగారు గుమాస్తాని వెంటబెట్టుకుని వచ్చి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని బస్తాల మధ్య నిలబడి విన్నారు. గుమాస్తా "వద్దు, అన్నా" అని రాసుకున్నాడు. నోట్లోంచి ఒకటిగా వచ్చిన మాట కాగితం మీద రెండు ముక్కలైంది. రెండో ముక్కలో అన్నగారిని నిలబెట్టారు.

అతను మొత్తుకున్నాడు. ఆ వేళకి పరుపు నెత్తిన పెట్టుకుని ఒకరింటికి వెళ్ళానన్నాడు. ఆ ఇంటికి తాళం వేసి ఉంది. వీధిలో వాళ్ళనడిగితే, పరుపు వెళ్ళడం చూశాం గానీ దాని కింద ఎవరున్నారో చూడలేదన్నారు. నిజమే, మడత పెట్టి నెత్తికెత్తుకుంటే పరుపు ఛాతీ దాకా కప్పేస్తుంది. మా చెల్లి నన్ను ఏనాడూ అన్నా అనలేదు, ఒరేయ్ అంటుందని అతనంటే కోర్టంతా నవ్వింది. గదిలోకి తీసుకెళ్ళి బదులు చెప్పమన్నారు. "సరేనమ్మా" అన్నాడు. మర్నాడు మాట మళ్ళీ వచ్చింది. రాతి గుండె మనిషి బదులిస్తే మాట ఎందుకు వెళ్తుందన్నాడు అవతలి వకీలు.

జైల్లో అతనికి వద్దన్న అని పేరు పెట్టారు. విడిచిపెట్టేసరికి ఆ పేరు అతని కన్నా ముందే ఊళ్ళోకి వచ్చి కూర్చుంది. ఇప్పుడు బస్సు డిపోలో చిరిగిన సీట్లు కుడతాడు. ఇన్‌స్పెక్టరమ్మ జీపు కనబడితే గోడవైపు తిరుగుతాడు. ఆమె అతనితో ఒక్క మాట కూడా మాట్లాడి ఎరగదు.

ఆమెని పెంచింది ఆ గడియారాలాయనే. బాబాయ్ అని పిలుస్తుంది. జడలు వేయడం నేర్చుకున్నాడు, పరీక్షలప్పుడు గేటు బయట ఎండలో నిలబడ్డాడు, పోలీసు ఉద్యోగం వచ్చిన రోజున షాపులో గడియారాలన్నీ ఒక్కసారే గంటలు కొట్టేలా తిప్పిపెట్టాడు. ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఆమె కూడా చేసుకోలేదు. ఆయన షాపు పైన, ఆమె వీధి చివర, ఎవరి గది వాళ్ళది. గొంతు పెంచి మాట్లాడే అవసరం ఆమెకెప్పుడూ రాలేదు. గొంతు పెంచాలంటే ఇంట్లో ఎదురుగా ఒకరుండాలి కదా. స్టేషన్‌లో కూడా ఎంత మెల్లగా అడుగుతుందంటే, దొంగలే ముందుకి వంగి మళ్ళీ చెప్పండమ్మా అనాలి.

దూది గదిని కూడా బాబాయే చూసుకునేవాడు. కేసయ్యాక అద్దెకి తీసుకుని, బస్తాలు కప్పు దాకా అలాగే ఉంచాడు. ఒక మనిషి నిలబడేంత చోటు మాత్రం వదిలాడు. ఎలకలు కొరికితే కొత్త బస్తా కొనేవాడు. "మీ అమ్మ గొంతుకి చలి తగలకూడదు తల్లీ" అనేవాడు. ఊళ్ళో కేసులన్నిటి చిక్కూ విప్పే ఇన్‌స్పెక్టరమ్మ ఆ బస్తాలవైపు ఒక్కనాడూ అనుమానంగా చూడలేదు. ఆ మెత్తదనంలో నిలబడి, ఆ ఒక్క మాట విని, కళ్ళు తుడుచుకుని, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయేది.

రోడ్డు వెడల్పు చేస్తున్నారని, ఆ గది పడగొడతారని కబురొచ్చింది. సరిగ్గా అప్పుడే బాబాయ్ స్నానాలగదిలో జారిపడి తుంటి విరిగి మంచమెక్కాడు. మందులిచ్చినప్పుడల్లా ఒకటే మాట. దూది ముట్టుకోకు, గోడతో పాటే పోనీ అని.

గోడ పోతే మాటా పోతుంది. పోయేలోపు ఒక్కసారైనా ఆ గొంతుని అడ్డం లేకుండా వినాలని ఆమెకి ఆశ పుట్టింది. పొద్దున్నే కూలీలని పెట్టి బస్తాలన్నీ బయట వేయించింది. మధ్యాహ్నానికి గది బోసిపోయింది. గోడల మీద ఎండ ఆమె ఎప్పుడూ చూడని చోట్ల పడుతోంది.

"వద్దన్నాగా."

ఆమె నేల మీద కూర్చుండిపోయింది.

ఇన్నాళ్ళూ ఆఖరి అక్షరాన్ని దూది మింగేసింది. అది బతిమాలే గొంతు కానే కాదు. విసుగు. ఒకసారి చెప్పినవాళ్ళకే మళ్ళీ చెప్పాల్సి వచ్చిన విసుగు. అందులో అన్నగారు లేరు. వద్దని అన్నాను కదా అంటోంది అమ్మ, అంతే.

మర్నాడు కూడా వెళ్ళి విన్నది. పని నేర్పిన జాగ్రత్త అది. తర్వాత షాపు పైకి మెట్లెక్కింది.

బాబాయ్ కిటికీవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె అడుగుల చప్పుడు వింటూనే, "దూది తీసేశావు కదూ" అన్నాడు.

ఆమె మంచం పక్కన కూర్చుని ఆయనకి నీళ్ళు తాగించింది. గ్లాసు కింద పెట్టి మెల్లగా అడిగింది.

"నువ్వేం అడిగావు బాబాయ్?"

ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"పెళ్ళి చేసుకుందామని. ఎప్పుడడిగినా వద్దనేది, నవ్వుతూనే అనేది. ఆ రోజు సూదిలోకి దారం ఎక్కించుకుంటోంది. తలైనా ఎత్తలేదు." ఆయన గోడకి చెప్పుకున్నట్టు చెప్పాడు. "అలా చెప్పి మళ్ళీ దారం చూసుకుంది."

ఆమెకి ఆయన వేసిన జడలు గుర్తొచ్చాయి. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉండేవి. బడిలో అందరూ నవ్వేవాళ్ళు.

"కిందికి రావాలి. అమ్మకి బదులు చెప్పాలి."

"చెప్తే ఆ గొంతు ఇక ఉండదు తల్లీ. అది కూడా లేకపోతే నీకేముంది?"

"తెలుసు" అంది ఆమె.

మర్నాడు మధ్యాహ్నం ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దించారు. కొత్త జడ్జిగారొచ్చారు. డిపో నుంచి మేనమామని పిలిపించారు. అతను చేతిలో సూదితోనే వచ్చి, గుమ్మం దాటకుండా ఆగిపోయాడు. మాట వచ్చింది. చివరి అక్షరం దాకా విని అతను గడప మీద చెయ్యి పెట్టాడు. ఇన్‌స్పెక్టరమ్మ రెండు అరచేతులూ గోడకి ఆనించి నిలబడింది, వెళ్ళిపోయేదాన్ని ఒకసారి తాకుదామన్నట్టు.

"సరే" అన్నాడు గడియారాలాయన. తల దించుకున్నాడు. "సరే. ఇంకెప్పుడూ అడగను."

మర్నాడు అదే వేళకి అందరూ మళ్ళీ వచ్చారు. గదిలో ఏ చప్పుడూ లేదు. ఏమీ వినబడకపోవడాన్ని ఎలా రాయాలో గుమాస్తాకి తోచక, జడ్జిగారి మొహం చూశాడు. జడ్జిగారు మేనమామ మొహం చూశారు. ఆ చూపులోనే తీర్పు అయిపోయింది, తర్వాత రాసిందంతా దానికి నకలే.

బాబాయ్ని జైలుకి తీసుకెళ్తుంటే గడియారాలకి కీ ఇస్తూ ఉండమన్నాడు. ఆమె ఇవ్వలేదు. షాపులో ఒక్కొక్కటే ఆగిపోయాయి. మధ్యాహ్నం డబ్బా కడిగాక ఎక్కడికెళ్ళాలో తెలియక కుర్చీలోనే కూర్చునేది. ఫలానావారు వచ్చారని చెప్పడానికి కానిస్టేబుల్‌కే మొహమాటంగా ఉండేది.

గోడలు పడగొట్టే రోజున మేనమామ పిలవకుండానే వచ్చాడు. బయట ఎండలో బస్తాలు అలాగే పడున్నాయి. దూది మంచిదే, ఎండబెట్టి కొడితే మళ్ళీ పనికొస్తుందని ఆమెని చూడకుండా అన్నాడు. అని, అన్నిటికన్నా పెద్ద బస్తా నెత్తికెత్తుకోబోయాడు. వయసు మీద పడ్డ మనిషి.

వద్దని, కూలీలొస్తారని ఆమె అంది. ఎప్పట్లాగే మెల్లగా అంది. అతనికి వినబడలేదో, వినబడనట్టు ఊరుకున్నాడో తెలియదు. బస్తా లేచింది. అతని మొహం దాని కిందికి వెళ్ళిపోయింది. కాళ్ళు ఒక పక్కకి తూలాయి.

"వద్దన్నాగా."

గోడ కొడుతున్న కూలీ గునపం ఆపాడు. కానిస్టేబుల్ వెనక్కి తిరిగి ఖాళీ గదిలోకి చూశాడు. గదిలో ఎవరూ లేరు. ఆ విసుగు, ఆ చివరి అక్షరం దగ్గర చిన్న విరుపు, ఇన్‌స్పెక్టరమ్మ గొంతులోంచి వచ్చాయి. ఇన్నేళ్ళూ ఆ గొంతుతో కసురుకోడానికి ఆమెకి ఒక మనిషి లేకపోయాడు.

బస్తా కింద అతను కదల్లేదు. తర్వాత మెల్లగా దాన్ని కిందికి జార్చాడు. జుట్టు నిండా దూది.

"సరేలేవే" అన్నాడు.

బదులిస్తే మాట వెళ్ళిపోతుందని ఆమెకి గుర్తొచ్చింది. ఉందో లేదోనని గొంతు సవరించుకుని చూసుకుంది.

"మావయ్యా" అని పిలిచింది.

గొంతు ఉంది.