రోసాలియా గొంతు

న్యూయార్క్‌కి దగ్గర్లోని ఐసెలిన్ అనే ఊళ్ళో ఒక కేర్ హోమ్‌లో విమలకుమారి నర్సు. ఆమె చూసుకునే వాళ్ళలో డెలియా అనే తొంభై ఏళ్ళు దాటిన ముసలావిడ ఉంది. ఒకరోజు విమలకుమారి దుప్పటి మారుస్తూ చర్చి పాట ఏదో తనలో తను పాడుకుంటుంటే, మా అమ్మ కూడా పాడేదట అంది డెలియా.

తల్లి పేరు రోసాలియా. ఆడవాళ్ళు టాంగో పాడితే చెడిపోయినట్టే అనుకునే రోజుల్లో, బ్యూనస్ ఎయిరిస్‌లో మగవాళ్ళ సూటు తొడుక్కుని స్టేజీ ఎక్కింది. గ్రామఫోన్ రికార్డులు ఇచ్చింది. బ్యాండు నడిపే భర్తతో న్యూయార్క్ వచ్చాక, జనం ఆమె కోసమే వస్తున్నారని అతనికి కడుపుమంట పట్టుకుంది. తాగి వచ్చి ఆమె గొంతు నులిమాడు. ప్రాణం దక్కింది గాని గొంతు పోయింది. అప్పటికి డెలియా కడుపులో ఉంది. అతను వాళ్ళ దేశం వెళ్ళిపోయి ఇంకో గాయనిని పెట్టుకుని బ్యాండు నడుపుకున్నాడు. రోసాలియా న్యూవార్క్‌లో కోట్లకు గుండీలు కుట్టి కూతుర్ని పెంచింది. డెలియా ఎరిగిందల్లా అమ్మ బొంగురు గుసగుస ఒక్కటే.

ఇదంతా విమలకుమారి ఇంట్లో చెప్పింది. కూతురు క్రిస్టీ ఆన్‌లైన్‌లో వెతికితే, పాత రికార్డులు సేకరించే ఒకాయన పెట్టిన రోసాలియా పాట దొరికింది.

"మమ్మీ, రేపే ఆవిడకి ప్లే చెయ్యి. షీ విల్ బీ సో హ్యాపీ," అంది క్రిస్టీ.

మర్నాడు భోజనమయ్యాక విమలకుమారి డెలియా చెవిమెషీన్ సరిచేసి, ఫోన్ దగ్గరగా పెట్టింది. గీరుకుపోయిన రికార్డు చప్పుడులోంచి ఒక పడుచు గొంతు లేచింది. నిండుగా, కవ్విస్తూ, ఎవరికీ భయపడని గొంతు. డెలియా చివరిదాకా విని, ఎవరిది అని అడిగింది. మీ అమ్మగారిదే అంటే నమ్మలేదు. మళ్ళీ పెట్టమంది. ఈసారి సగంలోనే ఫోన్‌ని చేత్తో పక్కకు నెట్టింది.

"గొంతు పోయిందని తెలుసు," అంది డెలియా. "పోయింది ఇంతటిదని తెలీదు."

విమలకుమారి పాట ఆపేసింది.

ఆ రోజు నుంచి డెలియా సరిగ్గా తినలేదు. నోటి దగ్గర స్పూను పెడితే తల తిప్పుకునేది. విమలకుమారి మంచం పక్కన కూర్చుని, వినిపించి తప్పు చేశానని క్షమాపణ అడిగింది.

"నువ్వు మంచికే చేశావు," అంది డెలియా. "కానీ నాకు తెలీకుండా ఉంటేనే బాగుండేది. ఇన్నేళ్ళూ వాణ్ణి, మా నాన్నని, ద్వేషించాల్సినంత ద్వేషించలేదని ఇప్పుడనిపిస్తోంది. ఇంక నాకు టైమ్ లేదు."

చలికాలం మొదట్లో డెలియా పోయింది. న్యూవార్క్‌లో తల్లి సమాధి పక్కనే పూడ్చారు. విమలకుమారి, క్రిస్టీ, కేర్ హోమ్ నుంచి ఇంకొకరు, అంతే వచ్చినవాళ్ళు. సన్నగా మంచు పడుతోంది. ఫాదర్ ప్రార్థన తొందరగా ముగించాడు.